బార్బెక్యూకి బొగ్గు కొంటున్నారా, సంచి మీద బొమ్మ కాదు చూడాల్సింది

గ్రిల్ కొనేముందు రివ్యూలన్నీ తిరగేసి, మసాలా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, థర్మామీటర్ కూడా ఏరికోరి తెచ్చుకునే వాళ్ళే బొగ్గు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏది చేతికందితే అది పట్టుకొచ్చేస్తారు, బొగ్గులో ఏముంది బొగ్గే కదా అని. ఆ తర్వాత మొదలవుతుంది గోల. ఎంతకీ అంటుకోలేదని ఒకరు, అంటుకున్నాక చిటపటలాడి రవ్వలు మొహం మీదకి ఎగిరాయని ఇంకొకరు, వంట సగంలో ఉండగానే బూడిదైపోయిందని, మాంసానికి కిరసనాయిలు వాసన పట్టిందని. ఇవన్నీ ఒకే జబ్బు కాదు, వేటికవే వేరు, కానీ అన్నిటికీ మూలం సంచిలోనే ఉంటుంది, కాస్త తెలిసుంటే చాలావరకు నిప్పు పెట్టకముందే పట్టేయొచ్చు.

ముందు బొగ్గు ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెప్తా, ఎందుకంటే దాని మంచీ చెడూ అక్కడే తేలిపోతుంది. కర్రకి గాలి సరిగ్గా అందకుండా మూసేసి వేడి చేస్తే అది మంటతో మండదు, లోపల్లోపలే మాడుతుంది. మొదట తడి అంతా ఆవిరైపోతుంది, 200 డిగ్రీలు దాటాక (ఈ పోస్టులో డిగ్రీలన్నీ సెల్సియస్సే) కర్రలో ఉన్న పదార్థాలు ఒక్కొక్కటీ విరిగిపోయి వాయువులుగా, తారుగా బయటికి పోతాయి, మనం చూసే దట్టమైన పొగ అదే, చివరికి 400, 500 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి మిగిలేదాంట్లో ఎక్కువ భాగం కార్బనే. నాలుగు కిలోల ఎండు కర్రకి కిలో బొగ్గు దిగితే మంచి బట్టీ కిందే లెక్క. ఇక్కడ తొందరపడి బట్టీ ముందే విప్పేసినా, లావు దుంగలూ సన్న కొమ్మలూ కలిపి పేర్చేసినా కొన్ని ముక్కలు పైకి నల్లగా, లోపల పచ్చిగా ఉండిపోతాయి. బట్టీలో బయటికి పోవాల్సిన ఆ పొగ అప్పుడు మీ గ్రిల్‌లో, మీ వంట మీద బయటికొస్తుంది. అంతే తేడా.

కాబట్టి నేను బ్రాండ్ కంటే ముందు చూసేది బాగా కాలిందా లేదా అని. సంచిలోంచి ఒక ముక్క తీసి విరవండి. బాగా కాలినదైతే టక్కుమని విరుగుతుంది, విరిగిన చోటు నల్లగా, వెలుతురుకి తిప్పితే అక్కడక్కడా మెరుస్తూ ఉంటుంది, చెట్టు వలయాలు, సన్నసన్నటి రంధ్రాలు, అన్నీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. పచ్చిదైతే నడుమ గోధుమరంగు చార ఉంటుంది, ఒక్కసారిగా విరగదు, పీచులు పీచులుగా చీలుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆరిపోయిన కట్టెల పొయ్యి వాసన. ఇంకో పరీక్ష, రెండు ముక్కల్ని ఒకదానికొకటి తగిలించండి, మంచివైతే పింగాణీ కప్పులు తగులుకున్నట్టు ఖంగుమంటాయి, పచ్చివో తడిసినవో అయితే చప్పుడు మొద్దుగా చచ్చిపోతుంది. సంచికి ఒకటీ అరా పచ్చి ముక్కలు రావడం మామూలే, వాటిని పక్కన పడేసి మిగతాది వాడుకోవచ్చు, గుప్పెడు తీస్తే అందులో సగం అలాగే ఉంటే మాత్రం ఆ బ్రాండ్‌కి నమస్కారం పెట్టేయడమే.

షాపులో సంచి విప్పనివ్వరు కదా అంటారు. నిజమే, కానీ సంచిని బయట్నుంచి తడమొచ్చు, ఊపొచ్చు. పెద్ద ముక్కలుంటే చేతికి తెలుస్తాయి, ఊపితే లొడలొడ మంటాయి. అడుగున ఇసకలా సర్దుకుపోయినట్టు ఉంటే అది నుసి. ఎక్కడెక్కడో ఎత్తి దించి, పైనుంచి విసిరేసి తెచ్చిన సంచిలో మంచి బొగ్గు కూడా నలిగి నుసైపోతుంది, అందుకే వరసలో అన్నిటికంటే అడుగున ఇరవై సంచుల బరువు మోస్తూ పడి ఉన్నది నేను ముట్టుకోను. నుసి ఎందుకు చెడ్డదంటే అది ముక్కల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది, గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడి లేదు, పైగా మీరు డబ్బులు పెట్టి కొన్నదాంట్లో అంత భాగం కింద జల్లెడలోంచి రాలిపోతుంది. అలాగని మరీ దుంగలు కూడా వద్దు, అంటుకునేసరికి ఆకలి చచ్చిపోతుంది. నా వరకు కోడిగుడ్డంత నుంచి పిడికిలంత వరకు ఉన్నవి ఎక్కువగా, అక్కడక్కడా పెద్దవి ఉన్న సంచి బెస్టు.

ఇది నా చాదస్తం అనుకోకండి, యూరప్‌లో దీనికి ఏకంగా ఒక ప్రమాణమే ఉంది, ఈఎన్ 1860-2 అని. దాని ప్రకారం ముక్క బొగ్గులో (అంటే కర్ర ముక్క కాలి అలాగే బొగ్గైనది) స్థిర కార్బన్, అంటే వాయువులన్నీ పోయాక మిగిలే కార్బన్, కనీసం 75 శాతం ఉండాలి, బూడిద 8 శాతం దాటకూడదు, తేమ కూడా 8 శాతం దాటకూడదు, 20 మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్కలు కనీసం 80 శాతం ఉండాలి, 10 మిల్లీమీటర్లలోపు నుసి 7 శాతానికి మించకూడదు. బ్రికెట్లకి, అంటే బొగ్గు పొడితో అచ్చు పోసినవాటికి, కొంచెం చూసీచూడనట్టు వదిలేశారు, కార్బన్ 60 శాతం ఉంటే చాలు, బూడిద 18 శాతం వరకు ఓకే. సంచి మీద ఈ నంబర్ కనిపిస్తే గొప్ప బొగ్గని కాదు, కనీసం ఫలానా గీత కింద లేదని అర్థం.

బ్రికెట్ల సంగతి వచ్చింది కాబట్టి, ముక్క బొగ్గా బ్రికెట్లా అని జనం పార్టీలు కట్టి మరీ కొట్టుకుంటారు, నాకది అనవసరపు గొడవ అనిపిస్తుంది. బ్రికెట్ అంటే బొగ్గు పొడిని గంజిలాంటి జిగురుతో కలిపి అచ్చు పోసింది. అమెరికాలో 1897లోనే ఎల్స్‌వర్త్ జ్వాయర్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత 1920లలో హెన్రీ ఫోర్డ్ కార్ల కోసం కోసిన కలపలో మిగిలిన ముక్కలు వృథా పోకుండా బ్రికెట్లు చేయించడం మొదలెట్టాడు, ఇప్పటి కింగ్స్‌ఫర్డ్ బ్రాండ్ మూలం అదే. కార్ల కంపెనీ చెత్తలోంచి వచ్చిన సరుకు అని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు గానీ, అది తెలివైన పనే.

చూడాల్సింది అందులో ఇంకా ఏం కలిపారన్నది. బొగ్గు పొడి, గంజి, అంతే ఉంటే హాయి. కొన్నిటిలో సున్నపురాయి పొడి కలుపుతారు, అది బూడిద తెల్లగా కనిపించడానికి, మంట మెల్లగా నడవడానికి. కొన్నిటిలో త్వరగా అంటుకోవాలని రంపపు పొట్టు, నైట్రేటు. కొన్నిటిలో రాక్షసి బొగ్గు, అదే గనుల్లోంచి తవ్వే బొగ్గు, కూడా ఉంటుంది, అంటుకునే మొదట్లో వచ్చే ఆ ఘాటు వాసనకి అదో కారణం. పూర్తిగా తెల్లబడేదాకా ఆగితే ఆ వాసన చాలావరకు పోతుంది. గ్రిల్‌కైతే ఆగుతాం, మరి స్మోకింగ్‌లో (తక్కువ సెగ మీద గంటల తరబడి పొగ పట్టిస్తూ వండడం) కొత్త బ్రికెట్లు వంట మధ్యలో ఒకదాని తర్వాత ఒకటి అంటుకుంటూ పోతాయి కదా, ఆ మొదటి పొగ ప్రతిసారీ మాంసానికే తగులుతుంది, అందుకే స్మోకింగ్‌కి వాడే బ్రికెట్ల విషయంలో నేను కొంచెం ఎక్కువ పట్టింపుగా ఉంటా.

ఇక లైటర్ ఫ్లూయిడ్ ముందే పట్టించి, అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకునే రకం ఒకటుంది. అది వద్దు. ఇంతకంటే దానిగురించి రాయడం దండగ. చిమ్నీ స్టార్టర్ అని ఇనప గొట్టంలాంటిది దొరుకుతుంది, అందులో బొగ్గు పోసి, కింద రెండు కాగితాలు నలిపిపెట్టి వెలిగిస్తే 15, 20 నిమిషాల్లో పైన ముక్కల దాకా ఎర్రబడి అంచులకి బూడిద పడుతుంది, ఏ నూనే అక్కర్లేదు.

గ్రిల్ మీద నేరుగా, గట్టి సెగ మీద కాల్చే వంటకి ముక్క బొగ్గు బాగుంటుంది. త్వరగా అంటుకుంటుంది, గాలి తలుపు తీస్తే భగ్గుమని వేడెక్కుతుంది, మూస్తే మాట వింటుంది, బూడిద తక్కువ. దీనికి ఉన్న చిక్కల్లా ఏ రెండు సంచులూ ఒకలా ఉండవు, ఒకే సంచిలో కూడా కింద ఒకలా పైన ఒకలా ఉంటుంది. బ్రికెట్లు అలా కాదు, అన్నీ ఒకే సైజు, ఒకే బరువు, ఇన్ని పెడితే ఇంతసేపు అని లెక్క కుదురుతుంది, మండేటప్పుడు బూడిద ఎక్కువ వచ్చినా సెగ నిలకడగా ఉంటుంది. స్మోకింగ్‌లో కావాల్సింది సరిగ్గా ఆ నిలకడే, సుమారు 107 నుంచి 135 డిగ్రీల మధ్య గంటలకి గంటలు ఒకే వేడి. మామూలు గుండ్రటి కెటిల్ గ్రిల్‌లో అయితే బ్రికెట్లని అంచు వెంబడి పాములా రెండు వరసలుగా పేర్చి ఒక కొస వెలిగిస్తే అది మెల్లగా పాక్కుంటూ పోతుంది. బుల్లెట్ ఆకారం స్మోకర్లో అయితే అంటించని బొగ్గు నిండా పోసి, పైన గుప్పెడు మాత్రం ఎర్రటి నిప్పులు వేసి వదిలేస్తే పైనుంచి కిందకి దిగుతుంది, జిమ్ మినియన్ అనే ఆయన వల్ల దీన్ని మినియన్ పద్ధతి అంటారు. ముక్క బొగ్గుతో పాము వరస పేర్చడం మాత్రం పెద్ద తలనొప్పి, ఒకచోట సందు ఎక్కువై ఆరిపోతుంది, ఇంకోచోట రెండు వరసలూ ఒకేసారి అంటుకుని వేడి పైకెక్కుతుంది. కుండలాంటి మందపాటి సెరామిక్ గ్రిల్ ఉన్నవాళ్ళు మాత్రం స్మోకింగ్‌కి కూడా ముక్క బొగ్గే వాడండి, బ్రికెట్ల బూడిద ఆ గ్రిల్‌లో పేరుకుంటే కింద గాలి దారి మూసుకుపోతుంది, పైగా గోడలే వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి బొగ్గు తక్కువ ఖర్చవుతుంది.

ఇప్పుడు నాకు కొంచెం ఒళ్ళు మండే విషయం. సంచుల మీద హికరీ ఫ్లేవర్, ఓక్ ఫ్లేవర్, యాపిల్ ఫ్లేవర్ అని రాసి రేటు పెంచుతారు. బొగ్గు ఎలా తయారవుతుందో పైన చెప్పాను కదా, కర్రకి వాసనిచ్చే పదార్థాలన్నీ బట్టీలోనే పొగై పోతాయి. కర్రకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం విరిగినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ లాంటివి, అసలు స్మోకింగ్ వాసన అంటే అవే, బాగా కాలిన బొగ్గులో దాదాపు మిగలవు. మిగిలాయంటే ఆ బొగ్గు సరిగ్గా కాలలేదని అర్థం, దానికి అదనంగా డబ్బులెందుకు ఇవ్వాలి. గ్రిల్ చేసిన మాంసానికి ఆ రుచి ఎక్కడిదంటారా, కొవ్వూ రసాలూ నిప్పుల మీద పడి ఆవిరై మళ్ళీ పైకొచ్చి అంటుకుంటాయి, అదీ దాని రహస్యం. స్మోకింగ్‌కైతే బొగ్గు మీద విడిగా ఎండిన కర్ర ముక్కలు వేయాలి, ఆ కర్ర ఏదన్నది ఆలోచించండి, డబ్బులు దాని మీద పెట్టండి. బొగ్గు పని సెగ ఇవ్వడం, అది నోరు మూసుకుని చేస్తే చాలు.

అలాగని ఏ చెట్టుదైనా ఒకటే అనుకోవద్దు, చెట్టు తేడా రుచిలో కాదు, మంటలో తెలుస్తుంది. చేవ ఉన్న బరువైన కర్ర బొగ్గు ఎక్కువసేపు నిలుస్తుంది, తేలికైన కర్రది గబుక్కున అంటుకుని గబుక్కున అయిపోతుంది. ఓక్ మధ్యరకంగా, తంటా లేకుండా కాలుతుంది. దక్షిణ అమెరికా కెబ్రాచో రాయిలా గట్టి, చాలాసేపు ఉంటుంది. మెస్కీట్, అంటే సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, వేడి బ్రహ్మాండంగా ఇస్తుంది గానీ రవ్వలు చిమ్మడంలో దానికదే సాటి, పైన ఊదడాలు, మొహం వంచి చూడడాలు పెట్టుకోకండి. కొబ్బరి చిప్పల బొగ్గు చదరంగానో, నడుమ బొక్కతో ఆరు పలకలుగానో అచ్చు పోసి అమ్ముతారు, పొగ తక్కువ, నిలకడ ఎక్కువ, అంటుకోడానికి మాత్రం ఓపిక కావాలి. జపాన్ బించోతాన్ అయితే ఇంకో లోకం, ఉబామె ఓక్ కర్రని చివర్లో గాలి వదిలి 1000 డిగ్రీల దాకా ఎక్కించి, ఎర్రగా ఉండగానే బయటికి లాగి మట్టీ బూడిదా కలిపినదాంతో కప్పేసి ఆర్పుతారు, చేతికి మసి కూడా సరిగ్గా అంటదు, కొడితే లోహంలా మోగుతుంది. చిన్న చిన్న పుల్లలకి గుచ్చి దగ్గర సెగ మీద కాల్చేవాటికి అద్భుతం, దాని ఖరీదుకి స్మోకర్ నింపుకోవాలనుకునేవాళ్ళకి నా సానుభూతి.

ముక్కలన్నీ రంపంతో కోసినట్టు పలకలు పలకలుగా, అంచులు తిన్నగా ఉంటే అవి ఫ్లోరింగ్ చేసేచోటో కలప మిల్లులోనో మిగిలిన ముక్కలు. అదేం తప్పు కాదు, చాలావరకు బాగానే కాలుతుంది, కాకపోతే పొరలు పొరలుగా అతికించిన చెక్కో, రంగు మరకో, మేకో కనిపిస్తే ఆ సంచి మొత్తం వంటకి పనికిరాదు, జిగురూ రంగూ కాలిన పొగ తినేదాని మీద పడకూడదు. రాళ్ళు కూడా వస్తుంటాయి, బొగ్గుతో పాటు నల్లబడి ఉంటాయి కాబట్టి కనపడవు, చేత్తో ఎత్తితే బరువు చెప్పేస్తుంది.

ఎక్కడి చెట్టు అన్నది కూడా చూడండి, ఇది నీతులు చెప్పడానికి కాదు, ఈ వ్యాపారంలో దొంగ సరుకు నిజంగానే ఎక్కువ. సోమాలియా బొగ్గు డబ్బు సాయుధ ముఠాలకి పోతోందని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2012లో 2036వ తీర్మానంతో దాని దిగుమతిని నిషేధించింది. సంచి మీద ఏం రాసినా ముక్క మాత్రం అబద్ధం ఆడదు, ఇందాక విరిచినచోట కనిపించిన రంధ్రాల అమరిక ఏ చెట్టుకాచెట్టుకి వేరు, జర్మనీలో ట్యూనెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మైక్రోస్కోప్ కింద పెట్టి అది ఏ రకం చెట్టో చెప్పేస్తారు. అడవుల నరికివేతని అడ్డుకోడానికి యూరప్ 2023లో తెచ్చిన నిబంధనలో కర్ర బొగ్గుని కూడా చేర్చారు. ఇంకోవైపు, నమీబియాలో పచ్చిక మైదానాల్ని కమ్మేస్తున్న ముళ్ళ పొదల్ని, క్యూబాలో పొలాల్ని ఆక్రమించిన మరబూ అనే ముళ్ళ చెట్టుని కొట్టి బొగ్గు చేస్తున్నారు, కొట్టాలనుకునే చెట్టే కాబట్టి మనసుకీ హాయి, రెండూ చేవగల కర్రలు కాబట్టి పొయ్యికీ హాయి. చెట్టు పేరు, దేశం పేరు రెండూ రాసిన సంచికి నేను ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువేస్తా, ఊరికే గట్టి కలప అని రాసి ఊరుకుంటే అది ఏదైనా అయ్యుండొచ్చు.

కొత్త బ్రాండ్ మొదటిసారి తెచ్చినప్పుడు నేరుగా చుట్టాల ముందు ప్రయోగం చేయకుండా చిమ్నీ నిండా పోసి ఊరికే వెలిగించి పక్కన కూర్చోండి. మొదట తెల్లగా దట్టంగా పొగ వస్తుంది, అది ఎంత త్వరగా పలచబడి కనీకనిపించకుండా పోతే బొగ్గు అంత బాగా కాలినట్టు, పైదాకా ఎర్రబడ్డాక కూడా పొగ ఆగకపోతే లోపల పచ్చి ఉన్నట్టే. చెవి కూడా అటే పెట్టండి, మొదట్లో నాలుగు చిటపటలు తేమవి, పర్లేదు, ఆగకుండా పేలుతూనే ఉంటే ఇబ్బందే. చివర్లో అంతా చల్లారాక బూడిద చూడండి. మంచి ముక్క బొగ్గుకి తెల్లగా, మెత్తగా, ఊదితే లేచిపోయేంత కొంచెమే మిగులుతుంది, గడ్డలు గడ్డలుగా, గరుగ్గా చాలా మిగిలితే మట్టో ఇసకో మీకు తూకంలో అమ్మారన్నమాట.

తెచ్చాక దాన్ని నేల మీద మూలన పడేస్తే ఈ కష్టమంతా వేస్ట్. బొగ్గు గాలిలో తేమని పీల్చుకుంటుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో నేలకి కొంచెం ఎత్తులో పెట్టండి. ఇంకో మాట, ఇది మాత్రం సరదా కాదు, ఇంట్లో, గ్యారేజ్‌లో, టెంట్లో, తలుపు తీసే ఉంది కదా అని కూడా బొగ్గు వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, పొగ రాని మంచి బొగ్గు కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది, ఆరిపోతున్న నిప్పులు కూడా. బూడిద కింద నిప్పు మర్నాటి దాకా బతికి ఉండొచ్చు, అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ బకెట్లోనో పోయకండి, మూత ఉన్న ఇనప డబ్బా ఒకటి దానికే పెట్టుకోండి.

వంటయ్యాక గాలి తలుపులు పైనా కిందా మూసేస్తే మిగిలిన బొగ్గు దానంతటదే ఆరిపోతుంది, పారేయక్కర్లేదు. మర్నాడు బూడిద దులిపి, కొత్తవాటితో సగం సగం కలిపితే ఒకసారి కాలినవి కాబట్టి ఇంకా తొందరగా అంటుకుంటాయి, మొదటి పొగ కూడా తక్కువే. స్మోకింగ్‌కి మాత్రం వాటిని కలపను, చిన్నవైపోయి ఉంటాయి, ఎంతసేపు నిలుస్తాయో లెక్క అందదు, అవి పది నిమిషాల్లో అయిపోయే గ్రిల్ పనికి పనికొస్తాయి.